రెక్కలను నమ్మితే చిక్కే

పెరట్లో కరివేపాకు చెట్టున్నవాళ్లు ఈ పురుగును చూసే ఉంటారు. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్ట. పెరిగాక ఆకుల్లో కలిసిపోయే పచ్చదనం. పుల్లతో కదిలిస్తే తల వెనక నుంచి రెండు పాయల మెత్తటి కొమ్ము బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది. స్వాలోటెయిల్ సీతాకోకచిలుకల గొంగళి పురుగులన్నిటికీ ఈ కొమ్ము ఉంటుంది. మరే సీతాకోకచిలుకకూ లేదు. వీటన్నిటిదీ ఒకే వంశమనడానికి ఇది గట్టి ఆధారం.

వంశం లోపలి చుట్టరికాలు తేల్చడమే కష్టం. కరివేపాకు, నిమ్మ మీద పెరిగే కామన్ మార్మన్‌నే తీసుకుందాం. మగది నలుపు, వెనక రెక్కల మీద తెల్లమచ్చల వరస. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా, మరికొన్ని క్రిమ్సన్ రోజ్ అనే ఇంకోదానిలా. ఇన్ని వేషాలున్నా జాతి ఒకటేనని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్ 1865 నాటి వ్యాసంలో వివరించాడు.

రోజ్‌ల పురుగులు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తిని వాటిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. దాంతో పక్షులు వాటి జోలికి పోవు. మార్మన్‌కు విషం లేదు, వేషమే. అదీ రెక్కల వరకే. పూల మీద వాలినప్పుడు ఒళ్లు చూడండి: రోజ్‌కు ఎరుపు, మార్మన్‌కు నలుపు. మేత మొక్కలను, డీఎన్ఏను బట్టి చూస్తే రోజ్‌లు దక్షిణాదికి చెందిన పెద్ద బర్డ్‌వింగ్ సీతాకోకచిలుకలకే దగ్గరి చుట్టాలు.

ఆడదాని వేషాన్ని నిర్ణయించేది డబుల్‌సెక్స్ అనే జన్యువని కృష్ణమేఘ్ కుంటే, మార్కస్ క్రాన్‌ఫోర్స్ట్ బృందం 2014లో చూపింది. వేషం కట్టే ఆడవాటిలో ఈ జన్యువున్న దాదాపు 1,30,000 అక్షరాల డీఎన్ఏ ముక్క తిరగబడి ఉందని 2015లో జపాన్ బృందం కొలిచింది. గ్రేట్ మార్మన్ అనే మరో జాతిలోనూ వేషానికి మూలం అదే జన్యువు, కానీ అక్కడ ముక్క తిరగబడలేదు. కాబట్టి రెండు జాతులూ విడివిడిగా ఈ దారి పట్టాయని 2018లో ఒక బృందం వాదించింది. రెండింటి పూర్వీకుడిలోనే ఇది మొదలై, తర్వాత ఒక్కో జాతిలో ఒక్కోలా మారిందని 2020లో క్రాన్‌ఫోర్స్ట్, పామర్ అన్నారు.

నాకు రెండో వాదన వైపే కొంత మొగ్గుంది. అయితే జన్యువు ఒకటే కావడం దానికి రుజువు కాదు. ఆడ, మగ తేడాలను నడిపే పనిముట్టు అదే అయినప్పుడు, ఆడవాటికే వేషం కట్టాలనుకున్న ఏ జాతి చేయైనా దాని మీదే పడొచ్చు.