టామీ టెరెల్: యుగళగీతంలో ఒక గొంతు

ఇద్దరు ఒకే మైకు ముందు నిలిచి పాడినట్లు వినిపించే పాటను వేర్వేరు సమయములందు ముద్రించి జోడించుట మా వృత్తిలో వింత కాదు. అయినను టామీ టెరెల్ పాట వినునప్పుడు ఆ సంగతి నమ్మబుద్ధి కాదు.

ఆమె 1945లో ఫిలడెల్ఫియాలో జన్మించినది. అసలు పేరు థామసీనా మాంట్‌గొమరీ. పదిహేనేండ్లు దాటీ దాటకముందే రికార్డులకు పాడ నారంభించి కంపెనీలు మారినను ప్రసిద్ధి రాలేదు. 1965లో డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ ఆమెను చేర్చుకొని, పేరు మార్చినది. 1967లో ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్’ వెలువడినది. ఆష్‌ఫర్డ్, సింప్సన్‌ల రచన అది. టామీ ఒంటరిగా పాడిన దానికి మార్విన్ గే తన గొంతును పిదప చేర్చినాడు. ఎదుట లేని మనిషికి బదులు పలుకుట అంత తేలిక కాదు. అతడు పలికినాడు, నిజమే. కాని ఆ బదులుకు చోటు విడిచి పాడినది ఆమె. ఆ నేర్పునకు రావలసినంత మెప్పు రాలేదని మా అభిప్రాయము.

ఆ అక్టోబరులోనే వర్జీనియాలో ఒక కళాశాల వేదికపై పాడుచు ఆమె గే చేతులలో ఒరిగిపోయినది. మెదడులో కణితి! శస్త్రచికిత్సలు పలుమార్లు జరిగినవి. 1969 నాటి ‘ఈజీ’ ఆల్బములో వినిపించునది చాలవరకు వాలెరీ సింప్సన్ గొంతేనని గే తరువాత చెప్పినాడు. తాను దారి చూపుటకు మాత్రమే పాడితినని సింప్సన్ కాదన్నది. ఈ తగవు నేటికిని తెగలేదు.

1970 మార్చి 16న, ఇరువదినాలుగేండ్లకే, టామీ మరణించినది. గే కొంతకాలము వేదికలెక్కుట మానివేసినాడు. మోటౌన్‌లో ఆమె ఒక్కతె పేర వెలువడిన ఆల్బము ఒకటే.