ఊరిని చదివే విద్య

మన పాఠశాల డెబ్బది ఐదు వసంతాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో బడికి స్థలమిచ్చిన దాతలను, తొలినాటి గురువులను స్మరించుకోవడం మన ధర్మం. ఆ పుణ్యకార్యాన్ని ఈ సంచికలోని ఇతర వ్యాసకర్తలు నిర్వహిస్తున్నారు. అందుచేత, చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించిన ఉపాధ్యాయురాలిగా, నేను వేరొక చరిత్రను పాఠకుల ముందుంచదలిచాను. చరిత్ర, భాష, సంఘజీవనం వంటి మానవ విద్యలలో పరిశోధన అనేది మన ప్రాంతంలో ఎలా మొదలైంది, అందులో బడిపంతుళ్లకు, విద్యార్థులకు ఎంత పాలు ఉంది అన్నదే ఈ వ్యాస విషయం.

పరిశోధన అనగానే మన తల్లిదండ్రుల మనసులో గాజు నాళికలు, తెల్లని అంగీలు, పెద్ద నగరాలలోని ప్రయోగశాలలు మెదులుతాయి. "మా అబ్బాయికి లెక్కలు, సైన్సు వస్తే చాలు, చరిత్ర ఎందుకు తల్లీ?" అని అడిగినవారు ఎందరో. వారి ఆదుర్దాను నేను తప్పుపట్టను. బిడ్డల బ్రతుకుతెరువు గురించి ఆలోచించడం కన్నవారి బాధ్యత. అయితే తన ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చిందో, చెరువు ఎవరు తవ్వించారో, తాత ఏ ఊరినుండి వలస వచ్చాడో తెలుసుకోవడం కూడా విద్యయే. ఆ విద్యకు మన కోలారు జిల్లాలో రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది.

కావలి సోదరులు

1799లో శ్రీరంగపట్నం పతనమైన పిమ్మట, మైసూరు సీమను కొలిచి పటాలు గీసే పని కల్నల్ కాలిన్ మెకంజీకి అప్పగించబడింది. ఆయన కొండలను, వాగులను కొలవడంతో తృప్తిపడలేదు. ఊరూరి కరణాల వద్ద ఉన్న కవిలెలు, స్థలపురాణాలు, శాసనాల నకళ్లు సేకరింపజేశాడు. ఆ పనికి ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరుకు చెందిన తెలుగువారు, కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య పాత కన్నడ లిపిని చదవడంలో నేర్పు సాధించి, 1803లో చిన్న వయసులోనే పరమపదించాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు. మరొక తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను 1829లో గ్రంథంగా వెలువరించాడు. నేడు మనం కైఫీయతులని పిలుచుకొనే గ్రామచరిత్రల భాండాగారం ఇటువంటివారి కాలినడకల ఫలితమే. ఒక పల్లె చరిత్రను ఆ పల్లెవారినే అడిగి వ్రాసుకోవాలన్న పద్ధతి దక్షిణ దేశంలో నిలదొక్కుకున్నది ఈ కృషితోనే.

బడుల తనిఖీదారుడు చదివిన రాళ్లు

రెండవ ఘట్టానికి నాయకుడు బెంజమిన్ లూయీ రైస్. 1837లో బెంగుళూరులో పుట్టిన ఈయన మొదట ఉపాధ్యాయుడు, తరువాత మైసూరు సంస్థానంలో పాఠశాలల తనిఖీ అధికారి. గుర్రంపై ఊరూరా తిరిగి బడులను పరీక్షిస్తున్న కాలంలో గుడి గోడలపై, పొలం గట్లపై, చెరువు కట్టలపై ఉన్న వ్రాతరాళ్లు ఆయన కంటబడ్డాయి. వాటిని చదివించి ప్రకటించాలన్న సంకల్పం క్రమంగా 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' అనే శాసన సంపుటాలుగా రూపొందింది. సుమారు తొమ్మిదివేల శాసనాలు ఈ విధంగా వెలుగు చూశాయి. కోలారు జిల్లా శాసనాలకు కేటాయించిన పదవ సంపుటం 1905లో వెలువడింది. అందులో శాసనాలు తాలూకాల వారీగా ఉన్నందున, మన శ్రీనివాసపురం తాలూకా రాళ్లకు కూడా వేరుగా వరుస సంఖ్యలు లభించాయి. ఎందరో పండితులు ఎండలో నిలబడి అచ్చులు తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన శ్రమ ఆ సంపుటం వెనుక ఉంది.

ఆ సంపుటం మనకు చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మన జిల్లా రాళ్లు ఒక్క భాషలో మాట్లాడవు. గంగులు, నొళంబుల నాటి శాసనాలు కన్నడంలో ఉన్నాయి. కోలారమ్మ గుడిలో రాజేంద్రచోళుని నాటి తమిళ శాసనాలున్నాయి. తెలుగు శాసనాలూ ఉన్నాయి. గడినాడులో పుట్టిన మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం, కోలారు బంగారు గనుల బంధువుల ఇంట తమిళం వింటూ పెరుగుతారు. ఇది వారి లోపమని కొందరు అనుకుంటారు. వెయ్యేళ్లనాటి రాళ్లను చూస్తే ఇది ఈ నేల స్వభావమని తెలుస్తుంది. ఈ ఒక్క సత్యాన్ని గ్రహించిన బాలుడు తన ఇంటి భాష గురించి సిగ్గుపడడు, పొరుగువాని భాషను చులకన చేయడు.

పర్లాకిమిడి పంతులు

తెలుగునాట ఈ మార్గంలో నడిచిన బడిపంతుళ్లకు గిడుగు వేంకట రామమూర్తిగారు తలమానికం. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయునిగా చేరారు. చరిత్ర బోధిస్తూనే ముఖలింగం ఆలయ శాసనాలను స్వయంగా చదివి, ప్రాచీన కళింగనగర స్థానాన్ని గురించి పండితలోకం ఆలోచించేటట్లు చేశారు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు వ్రాసి, వారికి బడులు పెట్టించారు. సవర భాషపై ఆయన వ్రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. విశ్వవిద్యాలయ ఆచార్య పదవి లేకపోయినా, ఎదుటివాని మాటను శ్రద్ధగా వినగలిగిన చెవి ఆయనకుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే వేళ, ఆయన బడిపంతులన్న విషయాన్ని మన పిల్లలకు తప్పక చెప్పాలి.

విద్యార్థులు కదలిన ఊళ్లు

స్వాతంత్ర్యానంతరం విశ్వవిద్యాలయాలు పల్లెల వైపు దృష్టి సారించాయి. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేపట్టిన కృషి ఇందుకు చక్కని నిదర్శనం. ఆచార్య ఎస్.సి. దూబే నాయకత్వంలో కళలు, వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య మున్నగు శాఖలకు చెందిన అధ్యాపకులు, విద్యార్థులు ఆ గ్రామానికి తరలివెళ్లారు. ఒకవైపు గ్రామసేవ, మరొకవైపు గ్రామ పరిశీలన సాగించారు. ఆ అనుభవం ఆధారంగా దూబేగారు వ్రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో ప్రకటితమై, ఒక తెలుగు పల్లెను ప్రపంచ పాఠకులకు పరిచయం చేసింది.

మన మైసూరు సీమకే చెందిన ఆచార్య ఎం.ఎన్. శ్రీనివాస్ ఉదంతం ఇంకా ఆశ్చర్యకరం. 1948లో ఒక పల్లెలో నివసించి సేకరించిన సమాచారంపై ఆయన ఏళ్ల తరబడి శ్రమించి సిద్ధం చేసుకున్న వ్రాతపని 1970లో అమెరికాలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆయన నిరాశపడక, జ్ఞాపకశక్తినే ఆధారం చేసుకొని 'ది రిమెంబర్డ్ విలేజ్' అనే ఉత్తమ గ్రంథాన్ని 1976లో వెలువరించారు. ఒక ఊరిని మనసు పెట్టి చూచినవానికి ఆ ఊరు ఎంతగా గుర్తుండిపోతుందో ఈ గ్రంథం చాటుతుంది.

జానపద గేయాలపై ఆచార్య బిరుదురాజు రామరాజుగారు సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం 1956లో డాక్టరేటు ప్రదానం చేసింది. తిరగలి వద్ద, ఊయల వద్ద మన అవ్వలు పాడిన పాటకు ఉన్నత విద్యాపీఠంలో లభించిన గౌరవమది. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది. రైతులను అడిగి సేకరించిన మాటల గని అది. అయితే ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించినది. సరిహద్దుకు ఇవతల ఉన్న మన తెలుగు రైతుల మాటలను మనమే వ్రాసిపెట్టుకోవాలి. నిండిన చెరువులో అదనపు నీరు పొర్లిపోయే చోటును పుస్తకాలు కలుజు అంటాయి. చిత్తూరు వైపు మొరవ అంటారు. మన ఊళ్లలో కన్నడవారి మాటయైన కోడి కూడా వినిపిస్తుంది. మూడు మాటల వెనుక ముగ్గురు పొరుగువారున్నారు.

బంగారు గనుల జ్ఞాపకాలు

మన జిల్లాలోనే ఉన్న కోలారు బంగారు గనులు సంఘచరిత్రకు మరొక పాఠశాల. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని ప్రారంభించింది. 1902లో శివనసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడువేల మీటర్లకు పైగా లోతుకు పోయింది. ఈ తేదీలు, కొలతలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఆ లోతులో పనిచేసినవారి కథలు అంత సులభంగా దొరకవు. ఉత్తర ఆర్కాటు నుండి, చిత్తూరు నుండి వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలు అక్కడ చెమటోడ్చాయి. 1930లో వేలిముద్రల నమోదును వ్యతిరేకిస్తూ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. చరిత్రకారిణి జానకీ నాయర్ 1998లో వెలువరించిన 'మైనర్స్ అండ్ మిల్‌హ్యాండ్స్' ఈ శ్రామికుల జీవితాన్ని పరిశోధనాంశంగా స్వీకరించింది. తెలుగు కుటుంబాల జ్ఞాపకాలు తెలుగులో రావలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. గని దిగినవారిలో నేడు మిగిలినవారు వృద్ధులు. వారిలో ఒక్కొక్కరు కన్నుమూసినప్పుడల్లా, ఎవరూ చదవని ఒక గ్రంథం మూతపడుతున్నది.

మన తరగతిగదిలో

ఇంత పెద్దల కథ చెప్పి, మన పిల్లల మాట చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణం. మన ఊరి పేరుతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. దీని పాత పేరు పాపనపల్లి అనీ, దివాన్ పూర్ణయ్య తిరుపతి యాత్ర నుండి తిరిగివచ్చి తన కుమారుడు శ్రీనివాసమూర్తి పేరిట శ్రీనివాసపురమని మార్చాడనీ రైస్ గెజెటియర్ చెబుతుంది. తిరుపతి శ్రీనివాసుని పేరే కదా అని పిల్లలంటారు. ఆ రెండింటినీ పలకపై వ్రాయించి, "ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? వారికెలా తెలుసు?" అని అడిగితే చాలు, చరిత్ర పరిశోధన మొదలైనట్లే.

ఒక ఏడాది మా తొమ్మిదవ తరగతి విద్యార్థులకు తమ ఊరి చెరువు చరిత్ర వ్రాసుకొని రమ్మని చెప్పాము. జీవనది లేని అవిభక్త కోలారు జిల్లా నాలుగువేలకు పైబడిన చెరువులతో బ్రతికిందని పాఠంలో చదివినవారే, తమ చెరువు తూము ఎక్కడుందో మొదటిసారి చూసివచ్చారు. నీళ్లు వంతులవారీగా వదిలే నీరుగంటి తాతను అడిగి, ఏ మడికి ఎంతసేపు నీరు పారేదో వ్రాసుకొచ్చారు. ఒకే ఊరినుండి వచ్చిన ఇద్దరు బాలికలు మాత్రం రెండు వేర్వేరు కథలు తెచ్చి, తమదే నిజమని వాదులాడుకున్నారు. ఒకరికి చెప్పినది పై వీధి పెద్దమనిషి, మరొకరికి చెప్పినది ఆ కట్టకు మట్టి మోసిన కుటుంబంలోని అవ్వ. రెండింటినీ, చెప్పినవారి పేర్లతో సహా, పక్కపక్కన వ్రాయమన్నాము. కట్టించినవాని పేరు రాతిపై ఉండవచ్చు, మోసినవారి పేరు అవ్వ నోట మాత్రమే ఉంటుందని ఆనాడు తరగతి మొత్తం గ్రహించింది. నాకు తెలిసినంతలో సాంఘికశాస్త్రానికి అంతకు మించిన పాఠం లేదు.

మన తాలూకాకు కీర్తి తెచ్చిన మామిడి తోటలూ ఇటువంటి అధ్యయనానికి అనువైనవే. రాగులు, వేరుశనగ పండిన పొలాలు ఎప్పుడు తోటలయ్యాయి? తోతాపురి ఏ సంతకు పోయేది? ఊరి కూలీలకు దానివల్ల పని పెరిగిందా, తగ్గిందా? ఇవి అర్థశాస్త్ర ప్రశ్నలు. వీటికి సమాధానం ఇంట్లోని తాతయ్య వద్దనే లభిస్తుంది.

ఒక విన్నపం

పిల్లలకు నేను చెప్పే నియమాలు కొద్దివే. విన్నది విన్నట్లు వ్రాయండి. చెప్పినవారి అనుమతి తీసుకోండి. తేదీ, స్థలం తప్పక గుర్తించండి. వ్రాతరాయి కనబడితే సున్నం పూయకండి, సుద్దతో గీయకండి, కదల్చకండి. కొలత వ్రాసుకొని, ఫొటో తీసి, గురువులకు చూపండి. తెలియనిచోట కల్పించకుండా ఖాళీగా వదలండి. ఈ నియమాలు పాటించిన విద్యార్థి రేపు వైద్యుడైనా, వ్యాపారి అయినా, ఎదుటివాని మాటలోని నిజాన్ని తూచగలుగుతాడు.

తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డ పలక పట్టుకొని పాత సంగతులు అడిగితే విసుక్కోకండి. అటకపై ఉన్న పాత దస్తావేజులను చెదలపాలు కానీయకండి. సహోపాధ్యాయులకు నా మనవి: పాఠ్యపుస్తకంలో పానిపట్టు యుద్ధం చెప్పిన రోజుననే ఊరి పొలిమేరలోని వీరగల్లును కూడా చూపండి. అక్కడ పశువులను కాపాడబోయి ప్రాణమిచ్చిన మనవాడొకడు రాతిలో నిలిచి ఉంటాడు. పూర్వవిద్యార్థులకు నా మనవి: మీరు ఏ దేశంలో ఉన్నా, మీ ఊరి గురించి మీకు గుర్తున్నది నాలుగు పుటలు తెలుగులో వ్రాసి బడికి పంపండి. వాటన్నిటినీ ఒక అలమారులో భద్రపరచి, మన గ్రంథాలయంలో ఊరి చరిత్ర విభాగంగా తీర్చిదిద్దాలని సంకల్పించాము.

గడినాడులో తెలుగు మాధ్యమ బడికి పిల్లలు తగ్గుతున్న కాలమిది. ఇంటి భాషలో చదువుకున్న బిడ్డకు మాత్రమే అవ్వ మాటను అవ్వ మాటగా వ్రాసుకొనే శక్తి ఉంటుంది. ఆ శక్తి పోతే, రాళ్లు మిగిలినా చదివేవారుండరు. పెద్దలు చెప్పినా వ్రాసుకొనేవారుండరు. కావలి సోదరులకు, రైస్ దొరకు, గిడుగు పంతులుగారికి మనం చెల్లించవలసిన ఋణం ఒక్కటే. మన ఊరిని మనమే చదవాలి, మన భాషలోనే వ్రాయాలి. శతజయంతి సంచిక వెలువడేనాటికి అందులోని చరిత్ర వ్యాసాలను నేడు మన బెంచీలపై కూర్చున్న చిన్నారులే వ్రాయాలని ఆశిస్తూ, వారికి నా హృదయపూర్వక ఆశీస్సులు.