ఎలగందుల

ఎలగందుల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లి మండలానికి చెందిన గ్రామము. కరీంనగర్ నుండి సిరిసిల్ల వెళ్ళే దారిలో, మానేరు ఒడ్డున కలదు. నేటి కరీంనగర్ జిల్లాకు 1905 వరకు ఈ ఊరి పేరే ఉండేది. ఇప్పుడిది చిన్న పల్లె.

పూర్వనామము వెలిగందుల. పోతన భాగవతములో ఏకాదశ, ద్వాదశ స్కంధాలను పూర్తిచేసిన వెలిగందల నారయ ఇంటిపేరు ఈ ఊరి నుండే వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయము.

కోట

గ్రామాన్ని ఆనుకొని ఉన్న రాతిగుట్టపై కోట ఉంది. చుట్టూ కందకము, గుట్టపై నీలకంఠస్వామి ఆలయము, మసీదు ఉన్నాయి. కందకములో మొసళ్ళను పెంచేవారని స్థానికులు చెబుతారు. కుతుబ్ షాహీలు, మొగలులు, ఆ తరువాత అసఫ్ జాహీలు దీనిని ఏలారు. కిల్లేదారు జఫరుద్దౌలా 1754లో కట్టించాడని చెప్పే జంట మినార్లు (దో మినార్) ఊరి బయట ఉన్నాయి. ఒకదానిని ఊపితే రెండవది కూడా కదులుతుందని ప్రతీతి. అలా ఊపి చూడటం పాత కట్టడానికి మేలు చేసే పని కాదు. మరొక కిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ ఏర్పడింది.

జిల్లా

1865లో మొదటి సాలార్ జంగ్ ప్రవేశపెట్టిన జిలాబందీతో నిజాం రాజ్యము జిల్లాలుగా విభజింపబడినది. అప్పటి ఎలగందుల జిల్లా చాలా పెద్దది. 1905 పునర్వ్యవస్థీకరణలో చెన్నూరు, లక్సెట్టిపేట తాలూకాలు ఆదిలాబాదు వైపు, సిద్దిపేట మెదక్ జిల్లాకు పోగా, వరంగల్ నుండి పరకాల వచ్చి చేరింది. జిల్లా పేరు కరీంనగర్‌గా మారింది. 2016లో ఆ జిల్లా కూడా ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. హుజూరాబాద్, జమ్మికుంట మాత్రము కరీంనగర్‌లోనే మిగిలాయి.

భౌగోళికము

మానేరు తూర్పుగా పారి గోదావరిలో కలుస్తుంది. గ్రామానికి దిగువన కరీంనగర్ వద్ద నిర్మించిన దిగువ మానేరు జలాశయము (1974–1985) నుండి కాకతీయ కాలువ హుజూరాబాద్ మీదుగా వరంగల్ వైపు సాగుతుంది. చెరువులు, బావుల మీద ఆధారపడిన హుజూరాబాద్ ప్రాంతములో వరిసాగు పెరగటానికి ఈ కాలువ ఒక ముఖ్య కారణము. అయితే ఆ జలాశయము కింద పల్లెలు, సాగుభూములు మునిగిపోయాయి.

ఈ ప్రాంతపు గుట్టలు గ్రానైటు రాయివి. 'టాన్ బ్రౌన్' పేరుతో ఎగుమతి అయ్యే గోధుమరంగు రాయి కోసం జిల్లాలో పలు గుట్టలను తొలిచారు. కోటలకు, గుళ్ళకు పునాదిగా నిలిచిన రాయి ఇదే కాబట్టి, పాత కట్టడాలున్న గుట్టల సమీపములో క్వారీలకు అనుమతులివ్వటం జిల్లాలో తరచు వివాదమవుతున్నది.