బేగంపేట దోమ నుంచి చక్కెర ఫలకం దాకా

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో గుర్తించాడు. వ్యాధి వ్యాపించే మార్గం అలా వెల్లడైంది. రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు మాత్రం ఆ సూక్ష్మదర్శినికి అందనివి.

ఆ పరాన్నజీవి పొరపై చక్కెర, కొవ్వు కలిసిన జీపీఐ అనే అణువులుంటాయి. వాటి చక్కెర భాగాలను ప్రయోగశాలలో నిర్మించి, గాజుపలకపై చుక్కలుగా అతికించి, రక్తరసం పోసి కడిగితే, సరిపడిన ప్రతిరక్షకాలు ఆయా చుక్కలకే అంటుకొని మిగులుతాయి. మెరిసే రంగు వాటిని పట్టి ఇస్తుంది. 2008లో పీటర్ సీబర్గర్ బృందం ఈ ఫలకాలతో, మలేరియా ప్రబలిన ప్రాంతాలవారికీ వ్యాధి సోకనివారికీ ఈ ప్రతిరక్షకాలలో భేదమున్నదని చూపింది. వీటిలో ఏవి రక్షణనిస్తాయో తేలితే, రాస్ చూసిన పరాన్నజీవిపై టీకా అన్వేషణకు ఆ జ్ఞానం అక్కరకు వస్తుంది.