మంచినూనె

కొరియా నుంచి వచ్చిన అతిథికి తెలుగు భోజనంలో ఏది నచ్చుతుందని అమీర్‌పేటలో ఎవరినడిగినా తడుముకోకుండా ఆవకాయ అంటారు. వాళ్లూ మనలాగే కారం తింటారు, కిమ్చీ వాళ్ల ఆవకాయే కదా అని కారణం కూడా చెబుతారు. హాస్టల్ గదుల్లో కొరియన్ సీరియళ్లు చూస్తూ ఎర్ర పొట్లం నూడుల్స్ తినే పిల్లలైతే మరీ గట్టిగా చెబుతారు. కాదనను. కానీ కారంతో కలిసిన చుట్టరికం నిన్నమొన్నటిది. మిరపకాయ మన దగ్గరికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. కొరియాలో 1614 నాటి గ్రంథం ఒకటి దాన్ని జపాను నుంచి దిగిన సరుకుగా చెబుతుంది. కొత్తగా వచ్చిన కాయకు రెండుచోట్లా మిరియం పేరునే సాగదీశారు. మనకు మిరియం నుంచి మిరప. వాళ్లకు మిరియం ‘హుచు’, మిరప ‘గొచు’. ఇంతకంటే పాత చుట్టరికం నూనె సీసాలో ఉంది.

నువ్వులనూనెను పాతకాలంవాళ్లు మంచినూనె అనేవారు. అసలు నూనె అన్న మాటే నువ్వులది. నూ, నె అని విడదీస్తే మొదటిది నువ్వు, రెండోది నెయ్యి. ఒకప్పుడు నెయ్యి అంటే ఆవుదీ గేదెదీ అని కాదు, ఏ చమురైనా నెయ్యే. తమిళుల ‘ఎణ్ణెయ్’ కూడా ఇదే కూర్పు. అందులోని ‘ఎళ్’ నువ్వు. సంస్కృతంలో తిలల నుంచి తైలం వచ్చింది. నూనె అనగానే నువ్వులు తప్ప ఇంకో గింజ తోచని కాలం ఈ దేశంలో ఉండేదన్నమాట. తర్వాత ఆ పేరు అన్నిటికీ పాకింది. ఆముదం ఒక్కటే బింకంగా తన పేరు తాను నిలుపుకుంది. కొబ్బరినూనె అన్నప్పుడల్లా మనం తెలియకుండా కొబ్బరి నువ్వులనెయ్యి అంటున్నాం. తెలంగాణలో కిరసనాయిలు సైతం గ్యాస్‌నూనె అయింది. నువ్వులకు ఇంతకన్నా అవమానం ఏముంటుంది!

పేరు పదిమందికీ పంచి ఇచ్చేశాక, అసలుదాన్ని వేరుగా చెప్పడానికి ముందు ‘మంచి’ చేర్చాల్సి వచ్చింది. ఈ మంచికి చెడు ఎదురుమాట కాదు. మంచినీళ్లు, మంచిగంధం, మంచిముత్యం అనేచోట వినిపించే మంచి ఇది. నకిలీ కానిది, నమ్మి వాడుకోదగింది, ఆ జాతిలో అసలైంది అని దీని అర్థం.

కొరియన్‌లో నువ్వులనూనె పేరు ‘చమ్‌గిరుమ్’. ‘గిరుమ్’ అంటే ఏ నూనైనా సరే, బండిలో పోసే పెట్రోలుకూ ఆ మాటే వాడతారు. ‘చమ్’ అంటే నిజమైనది, అసలైనది. అంటే మంచినూనె. నువ్వులు ‘చమ్‌కె’, అసలు ‘కె’. దీనికి సవతి ఒకటుంది, ‘దుల్‌కె’. ‘దుల్’ అంటే పొలం, బయలు. అచ్చం మనం అడవిపంది, అడవిమల్లె అన్నట్టు. ఆ బయటి ‘కె’ పెరిల్లా మొక్క. తులసి, పుదీనాల కుటుంబానిది. ఆకులో మాంసం చుట్టుకుని తింటారు, గింజల నుంచి నూనె తీస్తారు. నువ్వులతో దానికి కుటుంబ సంబంధం లేదు, గింజల పోలిక తప్ప. మనమూ సరిగ్గా ఇదే పని చేశాం. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు కొండలను పసుపుపచ్చ చేసే వలిసెలకు వెర్రినువ్వులని ఇంకో పేరు. అవి పొద్దుతిరుగుడు కుటుంబానివి. వాళ్లు బయలుకు తోలారు, మనం వెర్రి అంటగట్టాం.

ఇక్కడే నాకు ఇష్టమైన చిక్కు ఉంది. పెరిల్లా తూర్పాసియా నేల మీది మొక్క. నువ్వులు అక్కడివి కావు, వాటి పుట్టిల్లు మన ఉపఖండం. హరప్పా తవ్వకాల్లో మాడి బొగ్గైన నువ్వులు దొరికాయి, 4000 ఏళ్ల పైమాటే. చైనావాళ్లు వీటికి ‘హూమా’ అని పేరు పెట్టారు, పరదేశి జనుము అని దాని అర్థం. మిరియం పేరు ‘హుచు’లో ఉన్నదీ ఆ పరదేశి అక్షరమే. అలా చైనా దారిలో కొరియా చేరిన పరాయి గింజ అక్కడ ‘అసలైనది’ అనిపించుకుంది. ఆ నేలకు దగ్గరి గింజ బయటిదిగా మిగిలింది. కొరియా నాలుకకు ఏ విదేశీ తిండి రుచిస్తుందన్న ప్రశ్నకు ఆ భాష ఎప్పుడో జవాబు చెప్పి కూర్చుంది, మనమే వినలేదు.

వాళ్లను చూసి మనం నవ్వడానికీ లేదు. తెలంగాణ ఊళ్లలో ఇప్పుడు మంచినూనె అంటే వంటనూనె, అందులోనూ ఎక్కువగా పల్లీనూనె. పల్లీ దక్షిణ అమెరికా సరుకు. మన దగ్గర పెద్దయెత్తున సాగైంది 19వ శతాబ్దం చివరి నుంచే. అది వచ్చి నువ్వుల గానుగనూ, నువ్వుల బిరుదునూ కలిపి లాక్కుంది. బిరుదులు పుట్టుకను బట్టి కాకుండా వాడకాన్ని బట్టి చేతులు మారతాయి కాబోలు. కొత్త కాయకు పేరు పెట్టడంలో మాత్రం రెండు భాషలూ మళ్లీ ఒకచోట కలిశాయి. మనకది వేరుశనగ, వాళ్లకు ‘తాంగ్‌కోంగ్’, అంటే నేలచిక్కుడు. రెండింటి చూపూ మట్టి కిందికే. ఈ కాయ పండే సీమకే కొరియా కూడా వచ్చి దిగింది. ఆ దేశపు కార్ల కంపెనీ కియా 2017లో ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం చేసుకుని, 2019లో కార్లు బయటికి పంపింది పెనుకొండ దగ్గరి నుంచి. పాత అనంతపురం జిల్లా, అంటే వేరుశనగ సీమ. ఆ ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చిన కొరియన్ల కోసం అక్కడ కొరియా భోజనశాలలు వెలిశాయి. అటునుంచి ఇటు వచ్చిన వంట అది. ఇటునుంచి అటు ఏది పోగలదన్నదే నా ఆలోచన.

నన్నడిగితే పచ్చిపులుసు. అమీర్‌పేట మెస్సుల్లో పప్పుతో పాటు చిన్న గిన్నెలో వస్తుంది, చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. చింతపండు రసం కాచరు, అందుకే పచ్చి. ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, ఉప్పు, కొంచెం బెల్లం. తెలంగాణ చేతిలో పడితే వేయించి దంచిన నువ్వులపొడి తప్పదు. కొరియాలో వేసవికి ‘ఒయి నెంగ్‌గుక్’ అని చల్లటి పులుసొకటి చేస్తారు: చన్నీళ్లలో సిర్కా, దోసకాయ సన్న తరుగు, వెల్లుల్లి, ఉప్పు, కొంచెం తీపి, పైన వేయించిన నువ్వులు. పొయ్యి ఎక్కని పులుపు, దాని పదును తగ్గించే కాస్త తీపి, చివర్లో నువ్వుల వాసన. చింతపండు తీసి సిర్కా పోస్తే రెండూ తోడికోడళ్లే. ఒక్క జాగ్రత్త కావాలి: కొత్తిమీర చాలామంది కొరియన్లకు గిట్టదు, సబ్బు వాసన అంటారు. తీసేస్తే పోయేదేం లేదు. అసలు మనం దాన్ని ప్రతిదాని మీదా చల్లడం చేతి అలవాటే తప్ప రుచి కోసం కాదని నా అనుమానం.

ఆవకాయ కలిపేదీ ఎక్కువ ఇళ్లలో నువ్వులనూనెతోనే. కాకపోతే మన గానుగలో పచ్చి నువ్వులు ఆడతారు, నూనె లేతగా, మెత్తగా ఉంటుంది. వాళ్లు గింజను ఎర్రగా వేయించి పిండుతారు. ఆ నూనె ముదురు గోధుమరంగులో ఉంటుంది, మూత తీయగానే గదంతా వాసన. దాన్ని మూకుడులో మరిగించరు; మనం ముద్దపప్పు మీద నెయ్యి వేసుకున్నట్టు బిబింబాప్ అనే కలిపిన అన్నం మీద, ఆకుకూరల మీద చివర్లో ఒక చుక్క. ఆ వేపుడు వాసన మన వంటలో వెతకాలంటే నూనెను వదిలి పొడుల దగ్గరికి పోవాలి. లేదా పంజాగుట్టకు పోవాలి. అక్కడి బిర్యానీ హోటళ్లలో పక్కన పెట్టే మిర్చీకా సాలన్‌లో వేయించి నూరిన నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు ఉంటాయి. బిర్యానీలోని మసాలా, కేవడా పరాయివాడిని తికమక పెట్టొచ్చు. సాలన్ పెట్టదు.

తీపి సంగతి మరీ దగ్గర. వాళ్ల ఎనిమిదో నెల పున్నమి పండుగకు ‘సొంగ్‌ప్యన్’ చేస్తారు. బియ్యప్పిండి ముద్దలో నువ్వులు, తీపి కలిపి పెట్టి, అర్ధచంద్రాకారంగా మడిచి, పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. మన వినాయకచవితి కుడుము, లోపల నువ్వుల చిమ్మిలి పెట్టి చేసిందైతే, ఆకారం తప్ప తేడా చెప్పడం కష్టం. చాలా ఏళ్లు రెండు పండుగలూ ఒకే చాంద్రమాసంలో పడతాయి: చవితికి మనది, పున్నానికి వాళ్లది.

అయినా మన పెద్దవాళ్లలో కొందరు అతిథికి నువ్వులు పెట్టాలంటే ఒక క్షణం ఆగుతారు. తిలోదకాలు, శనికి తిలదానం, పితృకార్యం. నల్లనువ్వుల వెంట ఈ మాటలన్నీ నడిచొస్తాయి. రహస్యం దాచలేనివాడి నోట్లోనూ నువ్వుగింజ నానదు. కొరియన్ నుడికారంలో నువ్వులు ఇంకో ఇంట్లో ఉంటాయి. కొత్త దంపతులు అన్యోన్యంగా ఉంటే వాళ్లింట్లో నువ్వులు రాలిపడుతున్నాయంటారు. కోతకొచ్చిన నువ్వు కట్టను తలకిందులు చేసి తడితే గింజలు జలజలా రాలడం చూసినవాళ్ల మాట అది. మన రైతులూ చూసేదే.

ఆ శంక ఉన్న ఇంట్లో సకినాలు పెట్టొచ్చు. బియ్యప్పిండి, వాము, తెల్లనువ్వులు. సంక్రాంతి వంట కనుక ఎవరూ కాదనరు. అమీర్‌పేట స్వగృహ దుకాణాల్లో పండుగ లేని రోజుల్లోనూ దొరుకుతాయి. నువ్వులు కాస్త ఎక్కువ పడ్డవి ఏరుకోవాలి, వాము ఘాటు తక్కువైతే ఇంకా మేలు.