ఐడ్లింగులో ఒడిదుడుకులు

యాక్సిలరేటరు తొక్కనప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడాన్ని ఐడ్లింగు అంటారు. ఇంధన ఇంజెక్షను గల పాత పెట్రోలు కార్లలో ఈ వేగం హెచ్చుతగ్గులకు లోనగుట, కూడలి వద్ద ఇంజను ఆగిపోవుట తరచుగా కనిపించే లోపాలు. భారతదేశంలో 2000 ప్రాంతంలో యూరో కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో మారుతి 800 వంటి చిన్న కార్లలో కూడా కార్బురేటరు స్థానంలో ఈ విధానం ప్రవేశించింది.

కారణాలు

వేడెక్కిన ఇంజను ఐడ్లింగులో సాధారణంగా నిమిషానికి 700 నుండి 900 చుట్లు తిరుగుతుంది. అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది. ఈ కార్లలో అనేకం కావలసిన గాలిని ఐడిల్ నియంత్రణ వాల్వు ద్వారా తీసుకుంటాయి. ఈ గాలి స్వల్పం కనుక కొద్దిపాటి మసి, చిన్న లీకు కూడా వేగాన్ని మార్చగలవు.

నిర్ధారణ క్రమం

* చెక్ ఇంజను దీపం వెలిగితే కంప్యూటరులోని దోష సంకేతాలను చదవాలి.
* థ్రాటిల్ తరువాతి రబ్బరు గొట్టాలలో పగుళ్ళను వెదకాలి. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సారు గల కార్లలో లీకు వలన ఇంధనం చాలక ఇంజను వణుకుతుంది. పీడనాన్ని కొలిచే సెన్సారు గలవాటిలో వేగం పెరుగుతుంది.
* థ్రాటిల్, ఐడిల్ వాల్వులలోని మసిని శుభ్రపరచాలి.
* స్పార్కు ప్లగ్గులు, ఇంజను ఉష్ణోగ్రత సెన్సారు పరీక్షించాలి.

దోష సంకేతం లక్షణాన్ని మాత్రమే సూచించవచ్చు. లీకు లేదని తేలక ముందే సెన్సారు మార్చినచో ఖర్చు మిగులుతుంది, లోపం తొలగదు.