విద్యాధనము, వకీలు కుటుంబములు

విద్య దొంగలెత్తుకొని పోలేని ధనమనియు, అన్నదమ్ములు పంచుకొనలేని ధనమనియు మన పెద్దలు చెప్పుదురు. మొదటి మాట నిర్వివాదము. రెండవ మాటను మాత్రము మన దేశపు న్యాయస్థానములు చాలకాలము పూర్తిగా నంగీకరింపలేదు. న్యాయము చెప్పించు వకీళ్ల కుటుంబములకును ఈ చిక్కు తప్పలేదు.

1802లో చెన్నపట్టణ ప్రభుత్వము జిల్లా కోర్టులను నెలకొల్పి, వానిలో వాదించు వకీళ్లకు నిబంధనల నేర్పరచెను. 1862లో చెన్నపురి హైకోర్టు వెలసెను. 1879 నాటి చట్టము ప్లీడర్లకు సన్నదులిచ్చు పద్ధతిని క్రమపరచెను. నాడు వకీళ్లలో తరగతులుండెడివి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా నుండి, పిమ్మట ఇంగ్లండునకేగి బారిష్టరై వచ్చిరి. ఈ తరగతులను తొలగించి న్యాయవాదులందరిని అడ్వకేట్లను చేసినది 1961 నాటి చట్టము.

మునసబు కోర్టులున్న చిన్న పట్టణములలో చాలమంది వకీళ్లకు ఇంటి ముందు గదియే కచేరి. తండ్రి తరువాత కుమారుడా గదిలో కూర్చుండుట పరిపాటి. కాని సన్నదు వారసత్వమున వచ్చునది కాదు; ప్రతివాడును తన పరీక్ష తాను నెగ్గవలసినదే. తండ్రినుండి వచ్చునవి చట్టపు పుస్తకముల బీరువా, పాత కాగితముల కట్టలు, ఏ కట్టలో నేమున్నదో యెరిగిన గుమాస్తా; అన్నిటికి మించి కక్షిదారుల నమ్మకము. తాత వ్రాయించుకొన్న విభాగపత్రముపై తగవు వచ్చినప్పుడు, మనుమడు ఆ వకీలు మనుమని గడపయే తొక్కును.

ఇక చిక్కు సంగతి. ఉమ్మడి కుటుంబములో అన్న సేద్యము చేయును. ఆ పంట డబ్బుతో తమ్ముడు చెన్నపట్టణమున చదివి ప్లీడరగును. అతడార్జించి భూములు కొనును. పంపకములనాడు ఆ భూములెవరివి? తన చెమటతోనే తమ్ముడు చదివెనని అన్న; తన తెలివితోనే ఆర్జించితినని తమ్ముడు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. సామాన్యవిద్యతో నార్జించినది స్వార్జితమనియు, కుటుంబపు సొమ్ముతో పొందిన ప్రత్యేక వృత్తివిద్యవలన వచ్చినది ఉమ్మడి సొత్తనియు న్యాయస్థానములు భేదమును పాటించుచుండెను. 1921లో ప్రివీ కౌన్సిలు, ఉమ్మడి ధనముతో చదివి సివిలు సర్వీసున చేరిన యొకని యార్జనను సైతము ఉమ్మడి సొత్తుగనే నిర్ణయించెను.

ఈ యనిశ్చితిని తొలగించుటకు 1930లో హిందూ విద్యార్జన చట్టము వచ్చెను. విద్యకు ధనమెవరిచ్చినను, దానివలన వచ్చిన యార్జన ఆర్జించినవానిదే యని యది శాసించెను. తమ్ముని కష్టార్జితమునకు రక్షణ కలిగెను. అన్న పంట డబ్బుకు మాత్రము చట్టములో చోటు లేకపోయెను. అది తమ్ముని మనస్సాక్షికి విడువబడెను.

ఈ కథలో చాలకాలము కుమార్తె మాటయే లేదు. 1916లో కలకత్తా హైకోర్టు ఒక పట్టభద్రురాలిని స్త్రీ యను కారణముచేతనే ప్లీడరుగా చేర్చుకొన నిరాకరించెను. 1923 నాటి చట్టము ఆ యడ్డును తొలగించెను. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కును అవివాహితలగు కుమార్తెలకు 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కల్పించిన చట్టమును, కుమార్తెలందరికి 2005 నాటి కేంద్రచట్టమును ఇచ్చెను. నేడు తండ్రి బీరువా తాళపుచెవి కుమార్తె చేతికి వచ్చుటకు చట్టమున నడ్డు లేదు.

వకీలు కుటుంబపు చరిత్ర బోధించునది ఇది: ఆర్జన పంచుకొనవచ్చును, పంచుకొనకపోవచ్చును, అది చట్టము నిర్ణయించును. కాని చదివినవాడు చదివించినవారికి ఋణపడియుండును. అట్టివారు తమ యూరి గ్రంథాలయమునకొక పుస్తకము నొసగినను, ఆ ఋణములో కొంత తీర్చుకొన్నవారే యగుదురు. అచటి విద్యాధనము ఉమ్మడి సొత్తు; దానిపై విభాగపు దావా యెన్నడును రాదు.